మధురవాడలో ఉంటున్న మా అమ్మలుకి, పెద్దమ్మ రాసేది

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి పార్వతీపురం నుంచి ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా శని, ఆదివారాలు నువ్వు గది దాటడం లేదట. ఆఫీసు పిల్లలు రుషికొండలో కాఫీకి పిలిస్తే తలనొప్పి అన్నావట. పుట్టినరోజు పార్టీకి పిలిస్తే ఊరెళ్తున్నానని చెప్పి, ఆ సాయంత్రమంతా గదిలో లైటు తీసేసి పడుకున్నావట. ఖర్చవుతుందనే వెళ్ళలేదని, ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మతో అన్నావు. అది నాకు చెప్పేసింది. దాన్ని కోప్పడకు. ఫోన్లో మాట్లాడితే నువ్వు "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

డబ్బు జాగ్రత్త మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. ఆ తలనొప్పి, ఆ లేని ఊరి ప్రయాణం, వాటి గురించే నా బెంగ. ఎందుకంటే నేనూ అదే పని చేశాను.

1986లో పెళ్ళయి ఈ విశాఖపట్నం వచ్చాను. కంచరపాలెంలో రెండు గదుల పోర్షన్. మీ పెదనాన్న పోర్టులో, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ఇద్దరికీ జీతాలున్నా, ఊరికి పంపేది పంపి, మరిది చదువుకి కట్టేది కట్టి, అద్దె ఇచ్చేసరికి ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో ఏమీ ఉండేది కాదు. ఎదురు పోర్షన్‌లో ఒకావిడ ఉండేది. మా రెండిళ్ళకీ ఒకటే కుళాయి. నేను డ్యూటీకి వెళ్ళిపోతే నా బిందెలు కూడా ఆవిడే పట్టి పెట్టేది. మీ అన్నయ్య బారసాలకి వెండి కుంకుమ భరిణ తెచ్చింది. ఆరేళ్ళ తర్వాత ఆవిడ కూతురి ఓణీల ఫంక్షన్ నెలాఖర్లో పడింది. భరిణకి తగ్గట్టు ఏదైనా వెండి వస్తువు పెట్టాలి కదా అని మూడు రోజులు టెన్షన్ పడ్డాను. చీటీ పాడదామంటే ఆ నెల పాట అయిపోయింది. చివరికి ఆ రోజు పొద్దున్నే ఇంటికి తాళం వేసి, సింహాచలంలో మొక్కు ఉందని చెప్పి వెళ్ళిపోయాం. మొక్కూ లేదు, ఏమీ లేదు. కొండ మీదే కూర్చుని చీకటి పడ్డాక దిగాం.

ఆవిడ ఒక్క మాట అనలేదు. మర్నాడు ఫంక్షన్‌లో చేసిన బూరెలు కూడా పంపింది. కానీ ఆ తర్వాత నా బిందెలు మాత్రం ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి మేం మర్రిపాలెం మారిపోయాం. దారిలో కనిపిస్తే బాగున్నారా అంటే బాగున్నారా, అంతే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. నువ్వప్పుడు చిన్నపిల్లవి, టీవీలో చూసి ఉంటావు. ఊరంతా చెట్లు పడిపోయాయి. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్ళు లేవు. ఫోన్లు పలకవు. మీ పెదనాన్నకి జ్వరం. మూడో రోజు మధ్యాహ్నం ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడైతే తలుపు తీశాను. ఆవిడే. కంచరపాలెం నుంచి పడిపోయిన కొమ్మలు దాటుకుంటూ నడిచొచ్చింది. ఒక చేతిలో నీళ్ళ క్యాను, ఇంకో చేతిలో అన్నం గిన్నె. మా బావిలో చేద వేసి తోడాను, మీ ఇంట్లో నీళ్ళుండవని తెలుసు అంది. ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర కూర్చున్నప్పుడు నేనే ఆ ఫంక్షన్ మాట ఎత్తి, చేతిలో డబ్బుల్లేక రాలేదని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "పిల్లకి మొదటి హారతి నీ చేతే పట్టించాలనుకున్నాను. నువ్వు కొండ దిగుతావేమోనని ముత్తైదువుల్ని గంటసేపు కూర్చోబెట్టాను" అంది.

ఇరవయ్యొక్క ఏళ్ళకి తెలిసింది అమ్మలూ నాకు ఆ మాట. మన జేబులో ఎంత ఉందో అవతలివాళ్ళకి తెలియదు కదా. వంక చెప్పి తప్పుకుంటే, మనకి వాళ్ళంటే ఇష్టం లేదనే అనుకుంటారు. నీ ఆఫీసు పిల్లలూ ఈపాటికి అలాగే అనుకుంటూ ఉండొచ్చు.

అందుకని ఇక మీదట ఎవరైనా పిలిస్తే, కుదరదు అనే ముందు నిజం చెప్పు. "ఈ నెల హోటల్ ఖర్చు పెట్టుకోలేను, మీరు తినేసి బీచ్‌కి వచ్చేటప్పుడు నాకు ఫోన్ చెయ్యండి, అక్కడ కలుస్తాను" అని చెప్పు. లేకపోతే నూటయాభైలో అయ్యేదైతే వస్తానని ముందే చెప్పు. బిల్లు వచ్చాక మొహం చిన్నబుచ్చుకోవడం కంటే వెళ్ళకముందు అనడమే తేలిక. అందరిదీ కలిపి సమానంగా పంచే అలవాటుంటే, నేను తిన్నదానికి నేను ఫోన్‌పే చేస్తానని కూర్చున్నప్పుడే చెప్పెయ్. మొదటిసారి గొంతు పెగలదు. రెండోసారికి ఇంకో పిల్ల "నేనూ అంతే" అంటుంది. నీలాగే అప్పు చేసి చదువుకున్నవాళ్ళు, ఇంటికి పంపాల్సినవాళ్ళు ఆ బల్ల చుట్టూ ఇంకా ఉంటారు. చెప్పుకోరు, అంతే.

మొదటి జీతం పార్టీ అడుగుతున్నారని కూడా విన్నాను. ఇరవై మందిని రెస్టారెంటుకి తీసుకెళ్ళాలని ఎక్కడా లేదు. ఒక శుక్రవారం ముందు రోజు రాత్రి మా ఇంటికొచ్చి పడుకో. ఇద్దరం కలిసి పెద్ద గిన్నెడు పులిహోర కలుపుదాం, మీ పెదనాన్న మాడుగుల హల్వా తెస్తారు. పొద్దున్నే క్యారియర్లలో సర్ది పంపిస్తాను. అంతమంది తింటారు, నీ జీతంలో పెద్దగా పోదు.

ఇంటి అద్దె గురించి కూడా రెండు మాటలు. ఈ ఊరికి ఒకపక్క సముద్రం, మిగతా పక్కలా కొండలు. మధ్యలో ఉన్న నేలలో నేవీకి, పోర్టుకి, రైల్వేకి, స్టీల్ ప్లాంట్‌కి పోయింది పోగా మనలాంటివాళ్ళకి మిగిలింది తక్కువే. ఊరు సాగాలంటే మధురవాడ మీదుగా భీమిలి వైపో, పెందుర్తి వైపో, గాజువాక దాటో సాగాలి. పైగా 2025 అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ పెడతానని ప్రకటించాక, మీ వైపు ఏ ఇల్లు అడిగినా ముందు ఆ మాటే చెబుతున్నారు. అద్దె ఎక్కువైందని నువ్వు బాధపడటంలో తప్పు లేదు.

హాస్టల్ వదిలేసి ముగ్గురమ్మాయిలు కలిసి ఫ్లాట్ తీసుకుంటామంటున్నారట, మంచిదే. అద్దె ఒక్కటే చూసుకోకండి. మెయింటెనెన్స్ ఎంత, ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తే ఆ డబ్బు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారు, అన్నీ ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, చాలామంది అడగడం మర్చిపోయేది. స్నేహితురాళ్ళు వచ్చినా, అమ్మావాళ్ళు వచ్చి నాలుగు రోజులున్నా అభ్యంతరమా అని ఇంటివాళ్ళని మొహం మీదే అడగండి. నలుగురు వచ్చి కూర్చోలేని ఇంటికి అద్దె వెయ్యి తక్కువైనా నేనైతే వద్దంటాను. మనుషుల్ని ఇంటికి పిలుచుకోలేకపోతే ప్రతిసారీ డబ్బు పెట్టి బయటే కలవాలి కదా.

ఇంటికి పిలవడం నేర్చుకో అమ్మలూ. ఇప్పటి పిల్లలకి అది పెద్ద పనిలా కనిపిస్తోంది. సోఫా లేదని, ప్లేట్లు సరిపోవని ఆగిపోకు, చాప వేస్తే చాలు. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో బోర్డు మీద ఆ రోజు ధర రాసి ఉంటుంది, బేరమాడే పని లేదు. ఒక ఆదివారం వెళ్ళి వారం కూరలు తెచ్చుకో. పప్పుచారు, ఏదో ఒక వేపుడు, అప్పడాలు. ఒకమ్మాయిని పెరుగు తెమ్మను, ఇంకొకమ్మాయిని పళ్ళు తెమ్మను. తెమ్మంటే ఏమనుకుంటారో అనుకోకు. ఏదో ఒకటి తెచ్చిన మనిషికి ఆ ఇంట్లో చనువు ఉంటుంది, తిన్నాక లేచి గిన్నెలు కూడా కడుగుతుంది.

చేపలు కావాలంటే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాలి, కానీ ఒక్కదానివే వెళ్ళకు. మేం కంచరపాలెంలో నాలుగిళ్ళవాళ్ళం కలిసి ఒక పెద్ద వంజరం కొని వాటాలు వేసుకునేవాళ్ళం. తలకాయ ఎవరికన్నది వంతులవారీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు వేటకి వెళ్ళవు. అప్పుడు తాజా చేప మండిపోయే ధర ఉంటుంది, ఆ రెండు నెలలూ దాని జోలికి పోకు. ఇప్పుడు కార్తీకం కాబట్టి మా ఇంట్లో ఎలాగూ లేదు.

కార్తీకం అంటే గుర్తొచ్చింది. మీ ఆఫీసులో వనభోజనాల మాట నువ్వే ఎత్తు. ముడసర్లోవ పార్కు మీకేమంత దూరం కాదు. తలా ఒక వంటకం తెచ్చుకోవడమే, హోటల్ బిల్లులు ఉండవు. ఉసిరి చెట్టు నీడ దొరికితే సరే, లేకపోతే ఏ చెట్టయినా పర్లేదు.

ఈ ఊళ్ళో డబ్బు అడగని చోట్లు చాలా ఉన్నాయి, వాటిని నువ్వింకా చూడలేదు. ఆర్కే బీచ్‌లో పొద్దున పూట రోడ్డు మీద బళ్ళు రానివ్వరు. నడిచేవాళ్ళు, పిల్లలతో స్కేటింగ్‌కి వచ్చినవాళ్ళు ఉంటారు. వారం రోజులు ఒకే టైముకి వెళ్ళు, ఎనిమిదో రోజు ఎవరో ఒకరు నిన్న రాలేదేమని అడుగుతారు. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది. కళాభారతిలో సంగీతం, నాట్యం కార్యక్రమాలు జరుగుతుంటాయి, చాలావాటికి టికెట్ ఉండదు. ఇక్కడ నేవీ విన్యాసాలు పెట్టినప్పుడు, వాటికి ముందు కొన్ని రోజులు బీచ్ ఎదురుగా రిహార్సల్స్ చేస్తారు. అసలు రోజు తొక్కిసలాటలో నిలబడేకంటే అవి చూడటమే నాకిష్టం. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడవాలి. దారి పొడవునా మజ్జిగ, నీళ్ళు, ప్రసాదాలు చేతిలో పెడుతూనే ఉంటారు. ఆ రాత్రి పక్కన నడిచినవాళ్ళు చుట్టాలైపోతారు. నాకలా దొరికినవాళ్ళు ఇద్దరున్నారు.

దూరమని కూడా వంక పెట్టొద్దు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. ఏమీ తోచని ఆదివారం స్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె ఎక్కి సముద్రం వైపు కిటికీ పక్కన కూర్చో. మనసు బాగోలేనప్పుడు నేనిప్పటికీ అదే చేస్తాను. చీకటి పడితే మాత్రం బస్సు కోసం చూడకు, ఆటో అయినా పర్లేదు. ఆ డబ్బు దగ్గర పొదుపు వద్దు.

ఇంక చదివింపులు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, సీమంతాలు వరసగా వస్తాయి. జీతం రాగానే వీటి కోసం కొంత ఒక కవరులో పెట్టి పక్కన ఉంచు. ఆ నెల కవరులో ఎంతుంటే అంతే ఇవ్వు. కవరు ఖాళీ అయితే ఖాళీ చేతుల్తో వెళ్ళి, వడ్డనలో సాయం చేసి, పెళ్ళికూతురి పక్కన కాసేపు కూర్చుని రా. నాకిచ్చిన చీరలు, గిన్నెలు ఎవరిచ్చారో సగం గుర్తులేవు. మీ అన్నయ్య పెళ్ళిలో తెల్లవార్లూ మేలుకుని పూలదండలు గుచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ గుర్తున్నారు.

స్నేహితులకి అప్పు ఇవ్వాల్సొస్తే, తిరిగి రాకపోయినా మనం అన్నం మానెయ్యక్కర్లేనంతే ఇవ్వు. నువ్వు తీసుకుంటే తారీఖు చెప్పి తీసుకో, ఆ తారీఖుకి కుదరకపోతే ఒక రోజు ముందే ఫోన్ చెయ్యి. ఫోన్ ఎత్తకుండా తప్పించుకు తిరిగితే అదీ నా సింహాచలం ప్రయాణం లాంటిదే.

ఆ పుట్టినరోజు అమ్మాయికి ఈ రోజే ఫోన్ చెయ్యి. ఊరెళ్ళలేదని, డబ్బు చూసుకుని ఆగిపోయానని చెప్పు. ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు. నాలాగా తుఫాను వచ్చేదాకా ఆగకు.

మార్గశిరం మొదటి గురువారం నేనూ, కంచరపాలెం ఆవిడా బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్తున్నాం. అమ్మవారి మీద కప్పు ఉండదు, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు, కుంకుమ వేసుకోవచ్చు. మధ్యాహ్నానికి క్యూ పెరిగిపోతుందని తెల్లవారుజామునే బయల్దేరతాం. నువ్వు బుధవారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. ఆవిడ కూతురు కూడా వస్తోంది, అప్పుడు ఓణీలు వేసుకున్న పిల్లే. మధురవాడలోనే ఉంటోందట, నీ నంబరు ఇచ్చాను.

మీ పెద్దమ్మ
మర్రిపాలెం