గంజాయితో వైద్యం: మీరడిగినవి, నేను చెప్పేవి

పోయిన నెల దీర్ఘకాలపు నొప్పుల గురించి రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం గంజాయి మందుల మీదే. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. గంజాయి అంటే ఒకే మందు అనుకోవద్దు. ఆ మొక్కలో కన్నాబినాయిడ్లు అనే పదార్థాలు వందకు పైగా ఉన్నాయి. వైద్యంలో ఇప్పటిదాకా బాగా పరిశీలించినవి రెండే: మత్తెక్కించే టీహెచ్‌సీ, మత్తెక్కించని సీబీడీ. ఏది, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ జబ్బుకి, నోటి ద్వారానా ఊపిరితిత్తుల ద్వారానా అన్నది తేలకుండా మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఇంకోటి, నేను రాసేదంతా చట్టం ఒప్పుకున్న చోట డాక్టరు రాసిచ్చి వాడే మందుల గురించే.

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఏడేళ్ల బాబుకి డ్రావే సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే మొండి ఫిట్స్ జబ్బు) అని తేల్చారు. మూడు రకాల మందులు వేస్తున్నా ఫిట్స్ ఆగడం లేదు. గంజాయి నూనెతో ఇలాంటి పిల్లలు బాగుపడుతున్నారని వీడియోల్లో చూశాను. ఆన్‌లైన్‌లో తెప్పించి వేయొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఆశకి ఆధారం ఉంది, కానీ ఆన్‌లైన్‌లో తెప్పించడం మాత్రం వద్దు. గంజాయి మందులన్నిటిలోకీ గట్టి రుజువు ఉన్నది సరిగ్గా మీ బాబు జబ్బుకే. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో డ్రావే ఉన్న 120 మంది పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి శుద్ధి చేసిన సీబీడీ, ఇంకో జట్టుకి మందు లేని ఉత్తుత్తి ద్రావణం ఇచ్చారు. సీబీడీ వేసుకున్న వాళ్లలో పెద్ద ఫిట్స్ నెలకు 12.4 నుంచి 5.9కి తగ్గాయి, రెండో జట్టులో 14.9 నుంచి 14.1కి మాత్రమే. అయితే పూర్తిగా ఆగిపోయినది నూటికి ఐదుగురికే, వీడియోలు చూపించేది ఆ ఐదుగురినే. ఆ మందునే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఎపిడయోలెక్స్ పేరుతో డ్రావేకీ, అలాంటిదే ఇంకో మొండి ఫిట్స్ జబ్బు లెనాక్స్-గాస్టాట్ సిండ్రోమ్‌కీ అనుమతించింది, 2020లో ఫిట్స్ తెప్పించే మరో జబ్బు ట్యూబరస్ స్క్లెరోసిస్‌ను కూడా చేర్చింది.

ఆన్‌లైన్ సీసా ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చూడండి. ఈ మందుని కిలో బరువుకి రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10కి తీసుకెళ్తారు, అవసరమైతే ఇంకా పెంచుతారు. బాబు 20 కిలోలు ఉంటే రోజుకు 200 మిల్లీగ్రాములు. సీసా మొత్తానికి 300 మిల్లీగ్రాములు అని రాసుంటే అది రెండు రోజులకు కూడా రాదు. పైగా రాసింది నిజమన్న నమ్మకమూ లేదు. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని 2017లో పరీక్షించి చూస్తే లేబుల్ మీద ఉన్నంత సీబీడీ దాదాపుగా ఉన్నవి మూడో వంతు కూడా లేవు, 18 వాటిలో టీహెచ్‌సీ బయటపడింది. ఎదిగే పిల్లాడి మెదడుకి అది వద్దు.

సరైన మందు దొరికినా జాగ్రత్తలున్నాయి. బాబు క్లోబజామ్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే సీబీడీ దాని ప్రభావాన్ని పెంచుతుంది, పిల్లాడు విపరీతంగా మగతగా ఉంటాడు, అప్పుడు క్లోబజామ్ తగ్గిస్తారు. ఇంకో ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే లివర్ ఎంజైములు పెరగొచ్చు కాబట్టి మొదలుపెట్టే ముందూ, తర్వాత కొన్ని నెలలూ రక్తపరీక్షలు చేయించాలి. ఇప్పుడు వేస్తున్న మందుల్ని మాత్రం మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపొద్దు, ఆపితే ఆగని ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మీ న్యూరాలజిస్టుని సూటిగా అడగండి: "మా వాడికి సీబీడీ సరిపడుతుందా?" అని. అడగడానికి మొహమాటపడాల్సిందేమీ లేదు.

ప్రశ్న: నా వయసు 58. నరాల నొప్పికి మా డాక్టరు టీహెచ్‌సీ, సీబీడీ కలిసిన మందు రాస్తానంటున్నారు. చుక్కలు, గమ్మీలు (మందు కలిపిన జెల్లీ మిఠాయిలు), ఆవిరి పీల్చడం, ఏది మంచిది? ఎంతతో మొదలుపెట్టాలి?

జవాబు: పొగ తాగడం మాత్రం జాబితాలోనే పెట్టుకోకండి. మండించిన ఏ ఆకు పొగలోనైనా తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. ఎండిన పువ్వుని మండకుండా వేడిచేసి ఆవిరి పట్టే వేపరైజర్లు కొంత నయం, కానీ నూనె నింపిన వేప్ పెన్నుల సంగతి వేరు. 2019 నుంచి 2020 ఫిబ్రవరి దాకా అమెరికాలో వాటివల్ల 2,800 మందికి పైగా ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ముఖ్య కారణం దొంగ సరుకులో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్.

పీల్చినది నిమిషాల్లో పనిచేసి రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. మింగినది అలా కాదు, మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లివర్ గుండా వెళ్లేటప్పుడు టీహెచ్‌సీ కొంత 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుతుంది, అది కూడా బాగా మత్తెక్కించేదే. గమ్మీలతో అత్యవసర విభాగానికి వచ్చే చాలామంది కథ ఇదే. ఒకటి తిన్నారు, గంటైనా ఏమీ అనిపించలేదు, ఇంకోటి తిన్నారు, తర్వాత రెండూ కలిసి ఒకేసారి ఎక్కాయి. గుండె దడ, భయం, తల తిరుగుడు. దయచేసి ఆ రెండోది తినకండి. ఆ పూటకి అదే మోతాదు, మార్పు ఏదైనా తర్వాతే.

నాలుక కింద చుక్కలు వేసుకుంటే వెంటనే రక్తంలో కలుస్తాయని చెబుతారు గానీ, నిజానికి చాలా భాగం లాలాజలంతో కడుపులోకే పోతుంది, కాబట్టి దాన్ని కూడా మింగిన మందులాగే చూసుకోండి. అయినా రోజంతా, ముఖ్యంగా రాత్రి, నొప్పి ఉండేవాళ్లకి నేను చుక్కలకే ఓటేస్తాను, కొలత చేతిలో ఉంటుంది కాబట్టి. నోట్లో కొట్టుకునే స్ప్రే కూడా ఉంది, సాటివెక్స్. ఒక్కో స్ప్రేలో టీహెచ్‌సీ 2.7, సీబీడీ 2.5 మిల్లీగ్రాములు. దాన్ని ముఖ్యంగా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోయేవాళ్లకి ఇస్తారు. పైపూతల మీద డబ్బు పెట్టకండి, వాటికి సరైన రుజువు లేదు.

మోతాదు మీ డాక్టరే నిర్ణయిస్తారు. మామూలుగా మాత్రం రాత్రి పడుకునే ముందు టీహెచ్‌సీ 2.5 మిల్లీగ్రాములో, అంతకంటే తక్కువో ఇచ్చి, కొన్ని రోజులు ఆగి, చాలకపోతే కొంచెం పెంచుతారు. నొప్పి భరించగలిగే స్థాయికి వచ్చిన చోట ఆగడమే, ఇంకా పెంచితే మేలు పెరగదు, మగత పెరుగుతుంది. ఏ రోజు ఎంత వేసుకున్నారు, నొప్పి ఎలా ఉంది, నిద్ర ఎలా పట్టింది అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. సీబీడీ కొవ్వు ఉన్న భోజనంతో నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది, కాబట్టి ఒక రోజు ఖాళీ కడుపుతో, ఒక రోజు భోంచేశాక కాకుండా రోజూ ఒకేలా వేసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి, సీబీడీ దాని ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించగలదు. మందు వేసుకున్న పూట బండి నడపొద్దు, మద్యం కలపొద్దు. గుండె జబ్బు ఉన్నా, మీకు గానీ మీ రక్తసంబంధీకులకి గానీ స్కిజోఫ్రీనియా లాంటి మానసిక వ్యాధి ఉన్నా టీహెచ్‌సీ మొదలుపెట్టే ముందే ఆ మాట చెప్పాలి.

ఎంత ఆశించొచ్చు? 2021లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం లెక్క ప్రకారం, ఉత్తుత్తి మందుతో పోలిస్తే నూటికి పది మందికి అదనంగా చెప్పుకోదగ్గ ఉపశమనం దొరుకుతుంది. వాళ్లు మామూలు మందులు చాలనివాళ్లకి పీల్చని రకాలు ప్రయత్నించొచ్చన్నారు. అదే ఏడాది నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ మాత్రం సిఫారసు చేసేంత రుజువు లేదంది. నా మాట అడిగితే, రెండు మూడు నెలలు వాడి చూడండి, మీ పుస్తకంలో తేడా కనబడకపోతే నిస్సంకోచంగా మానేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. కీమో మానేసి గంజాయి నూనె వాడితే గడ్డ కరుగుతుందని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: కీమో మానొద్దు. కన్నాబినాయిడ్లు ప్రయోగశాల గాజు పళ్లేల్లో క్యాన్సర్ కణాల్ని చంపాయన్నది నిజమే, ఎలుకల్లో గడ్డలు తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. ఆ దశలో ఆశ పుట్టించి మనుషుల దగ్గరకొచ్చేసరికి నిలబడని పదార్థాలు లెక్కలేనన్ని. మనిషిలో క్యాన్సర్‌ని నయం చేస్తుందని ఈ రోజుకీ రుజువు లేదు.

కానీ బంధువుల మాటని అక్కడితో కొట్టిపారేయకండి. కీమో వాంతులు మామూలు మందులకి లొంగకపోతే డ్రోనాబినాల్, నబిలోన్ ఉన్నాయి. ఒకటి టీహెచ్‌సీనే, ఇంకోటి దాన్ని పోలిన పదార్థం, రెండూ 1985లో అమెరికాలో అనుమతి పొందిన మాత్రలు. నాన్నగారికి వాంతులు ఆగకపోతే వాటి గురించి క్యాన్సర్ డాక్టరుని అడగండి. ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి పంపే చికిత్స) ఇస్తుంటే గంజాయి రకం ఏది వాడుతున్నా దాచకుండా చెప్పండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే రహస్యంగా నూనె వేస్తుంటే వాళ్లని తిట్టకండి, ఆ సీసా తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: వేల ఏళ్లుగా వాడుతున్న మొక్క కదా, పరిశోధన ఎందుకింత వెనకబడింది?

జవాబు: మొదలు బాగానే అయింది. 1839లోనే కలకత్తాలో ఓషానెసీ అనే వైద్యుడు ధనుర్వాతం, పసిపాపలో ఫిట్స్ లాంటి వాటి మీద దీన్ని ప్రయోగించి రాశాడు. కానీ ఒక్కో బ్యాచి ఆకులో ఒక్కో బలం, దాంతో వైద్యులకి నమ్మకం పోయింది. ఇజ్రాయెల్‌లో మెషులమ్, గావోనీ అనే శాస్త్రవేత్తలు టీహెచ్‌సీని విడదీసింది 1964లో. అప్పటికే మత్తుమందుల మీద 1961 అంతర్జాతీయ ఒప్పందం గంజాయిని అత్యంత కఠినమైన నాలుగో జాబితాలో పెట్టేసింది. పరిశోధనకి అనుమతులు తెచ్చుకోవడమే పెద్ద పని. ఐక్యరాజ్యసమితి ఆ నాలుగో జాబితా నుంచి దాన్ని తీసింది 2020 డిసెంబరులో. ఇంకో చిక్కు కూడా ఉంది. టీహెచ్‌సీ మత్తు తెలిసిపోతుంది కాబట్టి తమకి అసలు మందు ఇచ్చారని రోగులు కనిపెట్టేస్తారు, ఆ నమ్మకంతోనే కొంత నొప్పి తగ్గుతుంది, మందు వాటా ఎంతో విడదీయడం కష్టం.

ప్రశ్న: గ్లకోమాకి పనిచేస్తుందా?

జవాబు: కంటి ఒత్తిడి తగ్గుతుంది, కానీ మూడు నాలుగు గంటలే. రోజంతా తగ్గి ఉండాలంటే ఆరేడుసార్లు వాడాలి, అంటే పగలూ రాత్రీ మత్తులోనే. మీ కంటి డాక్టరు ఇచ్చిన కంటి చుక్కల మందు మానకండి.

ప్రశ్న: మా ఆయన నడుం నొప్పికని మూడేళ్లుగా రోజూ గంజాయి వాడుతున్నారు. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే వాంతులు, కడుపునొప్పి. వేడినీళ్ల కింద గంటసేపు నిలబడితేనే తగ్గుతోంది. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. ఇదేంటి?

జవాబు: ఆ వేడినీళ్ల మాట రాసి మంచి పని చేశారమ్మా, అదే అసలు ఆనవాలు. చాలాకాలం రోజూ వాడేవాళ్లలో కొందరికి వచ్చే కన్నాబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్ ఇదని నా అనుమానం. కీమో వాంతులు ఆపే పదార్థమే వాంతులు తెప్పించడం వింతగా ఉన్నా, ఆస్ట్రేలియా వైద్యులు 2004లో దీన్ని వివరంగా రాసినప్పటి నుంచీ చాలా చోట్ల కనబడుతోంది. వాంతులు మొదలయ్యాక తగ్గుతాయని ఇంకా ఎక్కువ వాడేస్తారు, దాంతో ఇంకా ముదురుతుంది.

దీనికి నిలబడే చికిత్స ఒక్కటే, పూర్తిగా మానడం. తగ్గిస్తే చాలదు, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది. మానాక కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తేలికపడతారు. మొదటి వారం నిద్ర పట్టక, చిరాకుగా ఉంటారు, అది ఆయన మొండితనం అనుకోకండి, అలవాటైన ఒళ్లు మాట్లాడుతోంది. నడుం నొప్పికి వేరే ఏర్పాటు ముందే చేసి పెట్టమని డాక్టరుని అడగండి, లేకపోతే నొప్పే ఆయన్ని వెనక్కి లాగుతుంది. ఒకవేళ రోజంతా ఏదీ కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగినా పొద్దునదాకా ఆగొద్దు, ఆ రాత్రే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతినొచ్చు. వెళ్లగానే గంజాయి వాడకం సంగతి మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఉండకండి.