ధ్రువ నక్షత్రాన్ని కొలిచే ముందు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ప్రొట్రాక్టర్‌కి స్ట్రా అంటించి, దారానికి నట్టు కట్టి ధ్రువ నక్షత్రాన్ని చూశావనీ, దారం 73 దగ్గర ఆగిందనీ, అదే ఊరి అక్షాంశం అనుకున్నావనీ రాశావు. "తాతయ్యా, మనం ధ్రువపు ఎలుగుబంట్ల పక్కన ఉంటున్నామా?" అన్న ముక్క చదివి నవ్వు ఆగలేదు.

నీ కొలత బాగానే ఉంది అమ్మలూ, కాకపోతే అది వేరే లెక్కకు జవాబు. స్ట్రాని నేలకు సమాంతరంగా పట్టుకుంటే దారం 90 మీద వేలాడుతుంది. నడినెత్తికి గురిపెడితే సున్నా మీదికి వస్తుంది. అంటే దారం చూపే అంకె నడినెత్తికీ చుక్కకీ మధ్య కోణం. 90 లోంచి 73 తీసెయ్యి, 17 మిగులుతుంది. దిగంతం నుంచి చుక్క ఎత్తు అదే, నీ అక్షాంశమూ అదే. ఆ 73ని కూడా పారెయ్యకు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేలమీద సుమారు 111 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువం నీకు 8,100 కిలోమీటర్ల దూరంలో ఉందని నీ దారమే చెప్పేసింది!

ఎత్తూ అక్షాంశమూ ఎందుకు ఒకటవుతాయంటావా? ఆ చుక్క 400 కాంతి సంవత్సరాల అవతల, దాదాపు భూమి ఇరుసు చూపే దిక్కులోనే ఉంది. అంత దూరం కాబట్టి ఏ ఊరి నుంచి చూసినా దాని దిక్కు మారదు. మారేది నీ కాళ్ళ కింద నేల వాలు. భూమధ్యరేఖ మీద నిలబడితే చుక్క దిగంతాన్ని ఆనుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి 111 కిలోమీటర్లు ఉత్తరానికి వెళితే, నేల గుండ్రం కాబట్టి ఆ వైపు దిగంతం ఒక డిగ్రీ దిగుతుంది, చుక్క అంత పైకొచ్చినట్టు కనిపిస్తుంది. పోతూ పోతూ ధ్రువం చేరితే నెత్తిమీదే. భూమధ్యరేఖ దాటి దక్షిణానికి దిగావా, ఇక కనిపించదు.

పూర్వం అరబ్బు నావికులు ఓ చిన్న చెక్కపలకకు ముడులేసిన దారం కట్టి, తమ రేవుకి సరిపడే ముడిని పళ్ళతో పట్టుకుని చూసేవాళ్ళు. పలక అడుగంచు దిగంతానికి, పైఅంచు చుక్కకి ఆనితే తమ రేవు అక్షాంశానికి వచ్చినట్టే. దాన్ని కమల్ అంటారు. నీ స్ట్రాకి పెద్దమ్మ లాంటిది.

ముందు చుక్క అదేనా అని చూసుకో. ధ్రువ నక్షత్రం బాగా మెరుస్తుందనుకుంటారు గానీ, వెలుగులో దాని వరస నలభై దాటాకే వస్తుంది. మొదటిసారి నేను ఈశాన్యంలో ధగధగలాడుతున్న బ్రహ్మహృదయం అనే చుక్కని పట్టుకుని గంటసేపు కొలిచాను. కొలిచిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంటే పరికరం పాడైందనుకుని ప్రొట్రాక్టర్ కూడా మార్చాను. సప్తర్షి మండలం కనిపిస్తే దాని గిన్నెకి తోకకి ఎదురు అంచున ఉన్న రెండు చుక్కల్లో అడుగుది పులహుడు, పైది క్రతువు; పులహుడి నుంచి క్రతువుకి గీత గీసి, ఆ దూరానికి అయిదింతలు ముందుకి పో. సప్తర్షులు దిగిపోయిన కాలంలో ధ్రువ నక్షత్రానికి అవతలి పక్కన శర్మిష్ఠ, అంటే M ఆకారంలో అయిదు చుక్కల గుంపు, ఉంటుంది. అనుమానమొస్తే చుక్కని ఓ స్తంభం అంచుకి ఆనించి, గంట తర్వాత అదే చోట నిలబడి చూడు. జరిగితే అది కాదు.

పట్టిపట్టి చూస్తే ధ్రువ నక్షత్రం కూడా కదులుతుందిలే. అసలు ధ్రువ బిందువుకి డిగ్రీలో మూడింట రెండొంతులు పక్కన ఉండి, రోజుకో చిన్న చుట్టు చుడుతుంది. పొడుగాటి రాత్రుల్లో పొద్దుగూకగానే ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలిచి సగటు తీస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. నీ స్ట్రాతో అంత సూక్ష్మం ఎలాగూ అందదు, నిద్ర పాడుచేసుకోకు.

దాని బదులు, నువ్వు స్ట్రాలోంచి చూస్తుంటే పక్కన ఇంకొకర్ని దారం చదవమను. గాలికి నట్టు ఊగుతుంటే ఆగేదాకా ఆగు. అయిదుసార్లు కొలిచి అయిదూ రాసుకో, నచ్చనిది కొట్టెయ్యకు. అట్లాసు మాత్రం అదంతా అయ్యాకే తెరువు. జవాబు ముందే చూశావంటే చెయ్యి అటే లాగుతుంది.

ఆ అయిదు అంకెలూ నాకు పంపు.

తాతయ్య