సీపీయూ టెంపరేచర్ ఎప్పుడు చూసినా 27.8 చూపిస్తోంది, కానీ సిస్టమ్ మధ్యాహ్నం పూట ఆగిపోతోంది: ఏది నమ్మాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి మీది నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్, విండోస్ 10. నెల్లూరులో పై అంతస్తు గది, ఏసీ లేదు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న చిన్న గాడ్జెట్ పొద్దున, రాత్రి 27.8 డిగ్రీలే చూపిస్తోంది. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒక వరుస 127 చూపిస్తోంది. మధ్యాహ్నం మాత్రం సిస్టమ్ టక్కున ఆగిపోతోంది.

ముందు ఆ రెండు అంకెలనూ పక్కన పెట్టండి. రెండూ మీ ప్రాసెసర్ (సీపీయూ) వేడి కాదు.

ఫ్యాన్ గాలితో చల్లబడే ప్రాసెసర్, ఆ గదిలో గాలి కంటే చల్లగా ఉండే వీలే లేదు. రోహిణి కార్తెలో మన నెల్లూరు పై అంతస్తు గది ఎంత కాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గదిలో 38 ఉంటే, ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్న ప్రాసెసర్ కూడా నలభై దాటే చూపించాలి. అందుకే నేను ఏ సిస్టమ్ దగ్గర కూర్చున్నా మొదట గది వేడి ఎంతో చూస్తాను. రెండోది, ఏదైనా బరువైన పని ఇచ్చి అంకె కదులుతోందో లేదో చూస్తాను. పని ఇచ్చినా కదలని అంకెను ఎంత మంచి సాఫ్ట్‌వేర్ చూపించినా నేను నమ్మను.

మరి 27.8 ఎక్కడి నుంచి వచ్చింది? ఇలాంటి గాడ్జెట్లు చాలా వరకు ప్రాసెసర్‌ను నేరుగా అడగవు, విండోస్‌ను అడుగుతాయి. విండోస్, బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ఇచ్చిన 'థర్మల్ జోన్' అనే వేడి విలువను అందిస్తుంది. ఆ విలువ కెల్విన్‌లో, పదో వంతుల లెక్కలో ఉంటుంది. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో దాని వెనక నిజమైన సెన్సార్ ఉండదు, ఒక స్థిరమైన సంఖ్య రాసి వదిలేస్తారు. 3010 అని రాసి ఉంటే అది 301 కెల్విన్, మామూలు డిగ్రీల్లోకి (సెల్సియస్) మార్చడానికి అందులోంచి 273.15 తీసేస్తే 27.85. మీ గాడ్జెట్ చూపించేది సరిగ్గా ఇదే అయి ఉంటుంది.

127 సంగతి వేరు. మదర్‌బోర్డు మీద ఫ్యాన్లు, వోల్టేజీలు చూసే చిప్ ఒకటి ఉంటుంది. దానికి టెంపరేచర్ ఇన్‌పుట్‌లు చాలా ఉంటాయి, బోర్డు తయారుచేసినవాళ్లు అన్నిటికీ సెన్సార్ తగిలించరు. ఏమీ తగిలించని ఇన్‌పుట్ 127 అనో, మైనస్‌లోనో చూపిస్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి.

మీరు చూడాల్సినవి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో గానీ కోర్ టెంప్ అనే దాంట్లో గానీ 'కోర్ 0', 'కోర్ 1' అని ఉండే వరుసలు. అవి ప్రాసెసర్ లోపలి సెన్సార్ చెప్పేవి. ఇంటెల్ సెన్సార్ నిజానికి, గరిష్ఠ హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నామో చెబుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది, వేడెక్కేకొద్దీ సరిగ్గా చెబుతుంది. మనకు కావాల్సిందీ వేడెక్కినప్పుడే కదా. సాఫ్ట్‌వేర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి, రెండు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నడపకండి. రెండూ ఒకే చిప్‌ను ఒకేసారి అడిగితే తప్పు అంకెలు వస్తాయి. కోర్ వరుసలు ఖాళీగా కనిపిస్తే, పాత సాఫ్ట్‌వేర్లు వాడే విన్‌రింగ్0 డ్రైవర్‌ను డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆపేసి ఉండవచ్చు. దానికి భద్రతా లోపం ఉన్న మాట నిజమే, అందుకని డిఫెండర్‌ను ఆపొద్దు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకోండి.

నేను ఒంగోలులో సర్వీసింగ్ చేస్తాను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల ఆఫీసుల నుంచి ఎండాకాలంలో ఫోన్లు ఎక్కువ. ఒక చోట అచ్చం మీ కథే. బిల్లింగ్ చూసే కుర్రాడు, "ఏందన్నా ఇది, చల్లగానే ఉన్నట్టు చూపిస్తా ఉంది, మళ్లీ ఆగిపోతా ఉంది" అన్నాడు. కోర్ వరుసలు తెరిస్తే ఏ పనీ లేకుండానే 64 ఉంది. పెద్ద ఫైల్ జిప్ చేయమని పెడితే నిదానంగా, ఒక్కో డిగ్రీ ఎక్కుతూ 98కి వచ్చింది. 'థర్మల్ థ్రాట్లింగ్' (వేడి ఎక్కువై ప్రాసెసర్ తనే స్పీడ్ తగ్గించుకోవడం) పక్కన 'ఎస్' పడింది, స్పీడ్ సగానికి దిగిపోయింది. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మ) మీది ఫ్యాన్ విప్పితే దాని కింద రెక్కలు కనబడలేదు. రాతిపొడి, నూగు, గాలిలో తేమ కలిసి బూడిదరంగు కంబళి ముక్కలా పరుచుకుని ఉంది. గోటితో ఒక అంచు పట్టి లాగితే మొత్తం పొరగా ఊడి వచ్చింది. ఫ్యాన్ దానిమానాన అది తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం రెక్కల్లోకి దిగడం లేదు. శుభ్రం చేశాక అదే పనికి 70 దాటలేదు.

వేడి ఎలా ఎక్కుతోందన్నది బాగా గమనించండి. పై దాంట్లోలా నిదానంగా ఎక్కితే దుమ్ము, గాలి సమస్య. పని ఇచ్చిన రెండు మూడు సెకన్లలోనే 50 నుంచి 95కి దూకితే హీట్‌సింక్ ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనడం లేదని అర్థం. ఇంటెల్ బాక్స్‌తో వచ్చే కూలర్‌కు (హీట్‌సింక్, ఫ్యాన్ కలిపి) నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి లేచినా ఇదే జరుగుతుంది. నాలుగూ నొక్కి చూడండి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్ట్ ఎండి పెళుసుగా మారి ఉంటే పాతది పూర్తిగా తుడిచి కొత్తది పెట్టాలి, బఠానీ గింజంత చాలు. బ్లోయర్ కొట్టేటప్పుడు సిస్టమ్‌ను వరండాలోకి తెచ్చుకుని, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

అయితే మీది వేడి సమస్యేనని నేను ఇప్పుడే చెప్పలేను. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ (అంకెలను ఫైల్లో రాసుకుంటూ పోవడం) ఆన్ చేసి మధ్యాహ్నం వదిలేయండి. సిస్టమ్ ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి, ఆ ఫైల్లో చివరి వరుస చూడండి. విండోస్ జరిగినవన్నీ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కనబడే 'కెర్నల్-పవర్ 41' మీద ఆధారపడకండి, అనుకోకుండా ఆగిందని తప్ప ఎందుకు ఆగిందో అది చెప్పదు. చివరి వరుసలో కోర్‌లు 95 పైన ఉంటే హీట్‌సింక్ విప్పండి. 60, 65 దగ్గరే ఉండి ఆగిపోయి ఉంటే ప్రాసెసర్‌ను వదిలేయండి. మధ్యాహ్నం పూట ఏసీల లోడ్‌కి వోల్టేజీ పడిపోతుంది, బ్యాటరీ అయిపోయిన యూపీఎస్ ఆ క్షణం ఆదుకోలేదు. అప్పుడు యూపీఎస్ తీసేసి నేరుగా ప్లగ్‌లో పెట్టి ఒకసారి, తెలిసినవాళ్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ లోపల కరెంటు అందించే డబ్బా) తెచ్చి ఒకసారి నడిపి చూడండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.