అమ్మ నగలు పెట్టి రెండో మేకప్ కోర్సులో చేరమంటారా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది ఖమ్మం. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో మూడు నెలల మేకప్ కోర్సు చేసి ఈ మధ్యే సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇప్పటిదాకా ఇద్దరు పెళ్లికూతుళ్లకు 8 వేల చొప్పున తీసుకుని చేశాను. ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు నెలకు రెండో మూడో వస్తాయి, ఒక్కోదానికి 2,500 తీసుకుంటాను. చేతిలో 90 వేలు ఉన్నాయి. నా పని ఇంకా మెరుగుపడాలి. ఒక అకాడమీ వాళ్లు 12 రోజుల అడ్వాన్స్‌డ్ బ్రైడల్ కోర్సుకు లక్షన్నర, పైన జీఎస్‌టీ అంటున్నారు. అమ్మ తన నగలు బ్యాంకులో పెట్టి ఇస్తానంటోంది. ఎప్పటికైనా సినిమాల్లో చేయాలన్నది నా కోరిక. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేరకండి. కనీసం ఈ ఏడాది వద్దు. మీ పని మెరుగుపడక్కర్లేదని నేననడం లేదు. మెరుగుపడాలి, అందుకు డబ్బు ఖర్చు పెట్టాలి కూడా. కానీ మేకప్ చేతిపని. ఎన్ని రకాల ముఖాల మీద చెయ్యి పడితే అంత నేర్పు వస్తుంది. మీ డబ్బు కూడా అక్కడికే పోవాలి.

ముందు లెక్క చూద్దాం. లక్షన్నర మీద 18 శాతం జీఎస్‌టీ అంటే 27 వేలు. ఫీజు 1,77,000 అయింది. నగల మీద అప్పుకి ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే ఇంకో 21 వేలు. మొత్తం 1,98,000. హైదరాబాద్‌లో ఉండటానికి, తిండికి అయ్యేది వదిలేద్దాం. ఈ కోర్సు చేశాక మీరు పెళ్లికి 8 వేల బదులు 12 వేలు అడగగలరనుకుందాం. అంటే కోర్సు వల్ల మీకు అదనంగా వచ్చేది పెళ్లికి 4 వేలు. ఆ 4 వేలతో 1,98,000 తీరాలంటే దాదాపు 50 పెళ్లిళ్లు చేయాలి. మీరిప్పటికి చేసినవి రెండు. అదీ కోర్సు చేసినంత మాత్రాన ఖమ్మంలో 12 వేలు ఇస్తారన్న నమ్మకం మీద వేసిన లెక్క. పెళ్లికూతురి తల్లి మీ సర్టిఫికెట్ అడగదు. ఫోన్‌లో ఫొటోలు చూపించమంటుంది, మీరు ఎవరికి చేశారో వాళ్లను అడిగి తెలుసుకుంటుంది.

ఇంకో చిక్కు ముహూర్తాలతో. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఊళ్లో పాతిక పెళ్లిళ్లు జరగొచ్చు, మీరు చేయగలిగేది ఒకటి, మహా అయితే రెండు. మూఢం వస్తే అది వెళ్లేదాకా ఒక్కటీ ఉండదు. మొన్నటి శుక్రమూఢం చూశారుగా, 2025 నవంబరు చివర్లో మొదలై 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగి మాఘమాసాన్ని మొత్తం మింగేసింది. ఇప్పుడు వైశాఖం అవగానే మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం ఒక్క నెల, వెంటనే ఆషాఢం. మళ్లీ శ్రావణం దాకా ఆగాలి. వడ్డీకి మాత్రం మూఢం ఉండదు. పైగా నగల అప్పుల్లో చాలావాటికి నెలనెలా కిస్తీ ఉండదు, గడువు తీరాక అసలూ వడ్డీ ఒకేసారి కట్టాలి. ఆ రోజు ఆషాఢంలో పడిందనుకోండి, వడ్డీ కట్టి అప్పు తిరగరాయించుకోవడం తప్ప దారి ఉండదు. రెండుసార్లు తిరగరాస్తే నగలు ఇంటికి రావడం కష్టమే. అమ్మ ప్రేమతో ఇస్తానంటోంది, నిజమే. కానీ ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే గంటలో డబ్బయ్యేది ఆ నగలే. వాటిని ఉన్నచోటే ఉండనివ్వండి.

ఇక మీ 90 వేల సంగతి. ఇందులో 30 వేలు ముట్టుకోకూడదు. ముహూర్తాలు లేని నెలల్లో ఇంట్లో చెయ్యి చాచకుండా మీ ఫోన్, ప్రయాణం, చేతిఖర్చు గడవడానికి ఆ సొమ్ము. బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసి పెట్టండి. మిగిలిన 60 వేలే మీ అసలు కోర్సు ఫీజు. దాన్ని కూడా ఒక్కసారి కాకుండా ఏడాది పొడవునా ఖర్చు పెట్టాలి.

మొదటి 10 వేలు ముఖాలకు. వారానికి ఒకరిని కూర్చోబెట్టి పూర్తి మేకప్ వేయండి. సామాను ఖర్చు మనిషికి 300, 400 అనుకుంటే ఆ డబ్బుతో పాతిక మందికి పైనే వేయొచ్చు. ఎవరిని పిలుస్తారన్నదే ముఖ్యం. మీ స్నేహితురాళ్లందరికీ 22 ఏళ్లే, చర్మం నున్నగా ఉంటుంది. వాళ్ల మీద ఎంత చేసినా కొత్తగా వచ్చేది తక్కువ. మంగు మచ్చలున్న పిన్నిగారు, మొటిమల గుంటలున్న అమ్మాయి, చామనఛాయ కంటే ముదురు రంగు ఉన్నవాళ్లు, కళ్లద్దాలు తీస్తే ముక్కు మీద నల్లటి అచ్చులు కనిపించే టీచరు, కళ్ల కింద నలుపు ఎక్కువున్న నర్సు. వీళ్లను బతిమాలైనా పిలవండి. చామనఛాయ చర్మం మీద కళ్ల కింది నలుపును నారింజ కరెక్టర్ (నలుపును తేల్చే రంగు క్రీమ్) ముందు వేయకుండా కన్సీలర్‌తోనే (చర్మం రంగు క్రీమ్) కప్పితే బూడిద రంగు తేలుతుంది. ఇది కోర్సులో మీకు చెప్పే ఉంటారు. ఎంత పలుచగా వేయాలో మాత్రం పదో ముఖం మీదగానీ తెలియదు.

ప్రతిసారీ నాలుగు ఫొటోలు తీయండి: కిటికీ వెలుగులో, ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్‌తో, ఆరు గంటల తర్వాత. సిలికా ఎక్కువున్న పౌడరు, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే గుణం) ఉన్న ఫౌండేషన్ గదిలో బాగానే ఉంటాయి, ఫ్లాష్ పడేసరికి ముఖం సున్నం పూసినట్టు తెల్లబడొచ్చు. ఆ సంగతి కల్యాణమండపంలో తెలిస్తే మీకొక బుకింగ్ కాదు, ఆ చుట్టాల్లో రావాల్సిన బుకింగులన్నీ పోతాయి. ఏ షేడ్‌లో ఏది ఎంత కలిపారో పుస్తకంలో రాసుకోండి.

మన పెళ్లికి మాత్రమే ఉండే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ఎక్కడో తయారైన అడ్వాన్స్‌డ్ సిలబస్‌లో అవి ఉంటాయని నేననుకోను. నలుగు పెట్టి మంగళస్నానం చేయించాక చర్మం మీద పసుపు మిగిలిపోతుంది. ట్రయల్ రోజు అచ్చంగా సరిపోయిన షేడ్ పెళ్లిరోజు మెడ దగ్గర వేరుగా తేలుతుంది. బాసికం కట్టి దారం వెనక్కి ముడివేస్తే నుదుటి మీద మేకప్ రాసుకుపోతుంది, విప్పాక గీత కనిపిస్తుంది. నడినెత్తిన జీలకర్ర బెల్లం పెడతారని తెలిసి జుట్టు ఎత్తు పెట్టాలి. హోమం పొగకు కళ్లు నీళ్లు కారతాయి, అప్పగింతలప్పుడు ఇంకా కారతాయి. మీ ఇంట్లోనే ఒక రోజు మీ అక్కకో చెల్లికో ముందు పసుపు రాసి కడిగించి, మేకప్ వేసి, నిజమైన బాసికం కట్టి, రెండు గంటలు వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టండి. 50 రూపాయల బాసికంతో వచ్చే ఈ పాఠాన్ని నేను లక్షన్నర కోర్సు కంటే ఎక్కువగా లెక్కగడతాను.

తర్వాతి 20 వేలు పెద్ద ఆర్టిస్టు దగ్గర సహాయకురాలిగా వెళ్లడానికి. హైదరాబాద్, విజయవాడ రెండూ మీకు రైలు దూరమే. ముహూర్తాల రోజుల్లో అక్కడి ఆర్టిస్టులకు చేతులు చాలవు. చీర కుచ్చిళ్లు ముందే పెట్టి ఇస్త్రీ చేయడం, సవరం అల్లడం, పూలజడ కట్టడం, పెళ్లికూతురి తల్లికీ పిన్నులకూ మేకప్ వేయడం వాళ్లకు తలకు మించిన పని. రోజుకు వెయ్యో పదిహేను వందలో ఇస్తే సంతోషం. మొదట్లో ఇవ్వకపోయినా దారి ఖర్చులు పెట్టుకుని వెళ్లండి, అయితే దానికీ హద్దు పెట్టుకోండి: పదిసార్లు వెళ్లాక కూడా డబ్బు మాట రాకపోతే ఇంకొకరిని చూసుకోండి. అక్కడ మీరు నేర్చుకునేది బ్రష్ పట్టుకోవడం కాదు. తెల్లవారుజామున 4 గంటల ముహూర్తానికి రాత్రి ఎన్నింటికి మొదలుపెట్టాలి, పెళ్లికూతురు ఆలస్యంగా వస్తే దేన్ని తగ్గించాలి, ‘మా అమ్మాయిని ఇంకాస్త తెల్లగా చేయమ్మా’ అన్న అత్తగారికి ఏం జవాబు చెప్పాలి. ఇవే మీ ధర పెంచేవి.

ఒక సంగతి సూటిగా చెప్పాలి. మన దగ్గర 8 వేల ఆర్టిస్టుకూ 15 వేల ఆర్టిస్టుకూ తేడా చాలాసార్లు ముఖంలో ఉండదు, జడలోనూ చీరలోనూ ఉంటుంది. కాబట్టి 10 వేలు పక్కన పెట్టి, ఈ రెంటిలో మీకేది రాదో దానికే ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లండి. తెలిసినవే మళ్లీ నేర్పే కోర్సుకు వద్దు.

మిగిలిన 20 వేలు కిట్‌కు. అది ఒక్కసారి కొనేయకండి. మేకప్ సామాను పాలలాంటిది, మూత తీసిన రోజు నుంచే గడువు మొదలవుతుంది. డబ్బా మీద మూత తెరిచిన సీసా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది చూడండి, తెరిచాక అన్ని నెలలే వాడాలని అర్థం. మస్కారా అయితే ఇంకా త్వరగా పాడవుతుంది. నెలకు మూడు బుకింగులున్న మీకు 12 షేడ్ల ఫౌండేషన్ దండగ. లేత, నడిమి, ముదురు రంగుల్లో మూడు మంచివి కొని కలుపుకోవడం నేర్చుకుంటే ఖమ్మం జిల్లాలో చాలా ముఖాలకు సరిపోతాయి. తెరిచిన తేదీ రాసి స్టిక్కరు అంటించండి. డబ్బు ఆదా చేయకూడనిది శుభ్రత దగ్గర: వాడి పారేసే మస్కారా పుల్లలు, స్పాట్యులా, బ్రష్ కడిగే ద్రవం. ఒక్క పెళ్లికూతురి కంటికి ఇన్‌ఫెక్షన్ వస్తే మీ పేరు ఎంత త్వరగా పాడవుతుందో చెప్పక్కర్లేదు.

వచ్చే డబ్బును ఎలా పట్టుకోవాలో కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. తేదీ ఖాయం చేసినప్పుడే మూడో వంతు అడ్వాన్సు తీసుకోండి, పెళ్లి ఆగినా ఆ తేదీకి మీరు ఇంకొకరిని వదులుకున్నారు కాబట్టి అది తిరిగి ఇవ్వరని వాట్సాప్‌లో ముందే రాసి పంపండి. మిగతాది మేకప్ మొదలుపెట్టే ముందు తీసుకోండి. కల్యాణమండపంలో తలంబ్రాలయ్యాక డబ్బులిచ్చే మనిషి దొరకడు. ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి అంతా యూపీఐ ద్వారా అందులోకే తీసుకోండి. ప్రతి బుకింగ్‌లో 15 శాతం కిట్‌కు, 15 శాతం నేర్చుకోవడానికి పక్కకు పోవాలి. వచ్చే ఏడాది కోర్సు ఫీజు మీ అమ్మ మెడలోంచి కాకుండా ఆ ఖాతాలోంచి రావాలన్నది నా కోరిక. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు, అయినా రిటర్న్ వేయండి. రేపు సొంత స్టూడియోకి ముద్ర రుణం (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే అప్పు) కావాలంటే బ్యాంకు మేనేజరు చూసేది రిటర్నులు, ఖాతా స్టేట్‌మెంటే. అందులో శిశు అనే విభాగం కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు. అప్పు చేయాల్సి వస్తే అలా చేయండి, నగల మీద కాదు. అర్ధరాత్రి ప్రయాణాలుంటాయి కాబట్టి ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ఆ ఖాతా మీదే తీసుకోండి, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి.

20 మంది పెళ్లికూతుళ్లకు చేశాక ఫలానాది నా చేత కావడం లేదని మీకే తెలుస్తుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో మేకప్ చిమ్మే పరికరం) కావచ్చు, జుట్టు కావచ్చు. అప్పుడు పెద్ద కోర్సు ఆలోచించండి. ఆ రోజు అకాడమీ వాళ్లను అడగాల్సింది ఫీజు తగ్గిస్తారా అని కాదు. 12 రోజుల్లో నా చేత్తో ఎంతమంది మోడళ్లకు వేయిస్తారు? బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు? వేసేది నేనా, మీరు వేస్తుంటే నేను కూర్చుని చూడటమా? పోయిన బ్యాచ్‌లో చేసిన ముగ్గురితో మాట్లాడించండి. దీనికి సరైన జవాబు రాకపోతే ఎంత పెద్ద పేరున్నా దండం పెట్టి వచ్చేయండి.

సినిమా కోరిక వదులుకోకండి. ముంబైలో సినిమా మేకప్ సంఘం ఆడవాళ్లకు జుట్టు పని తప్ప, మేకప్ పని చేయడానికి కావాల్సిన సభ్యత్వ కార్డు ఇవ్వకపోతే, 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. మీకంటే ముందు తరం ఆడపిల్లలు ఏళ్లపాటు పోరాడి తెరిచిన తలుపు అది. అయితే ఆ దారి కూడా సహాయకురాలిగానే మొదలవుతుంది. ఇప్పుడు కట్టే లక్షన్నర మిమ్మల్ని దానికి ఒక్క మెట్టు కూడా దగ్గర చేయదు.

వైశాఖం ముహూర్తాలకు ఆర్టిస్టులు ఇప్పుడే తమ బృందాలను ఖాయం చేసుకుంటుంటారు. మీరు వేసిన వాటిలో బాగా వచ్చిన పది ఫొటోలు, ముఖం కడిగిన ఫొటో పక్కన పెట్టి, ఈ వారమే ఆరేడుగురికి పంపండి. చీర కట్టడం వస్తే ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి.