ట్రైనింగ్ కాంట్రాక్ట్ రాలేదని అమ్మాయిని వెనక్కి పిలవకండి మాస్టారూ

మాస్టారూ, నమస్తే. మీ మెసేజ్ రెండుసార్లు చదివా. అమ్మాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల లా చేసింది, ఎన్‌రోల్ అయ్యి గుంటూరు కోర్టులో ఒక సీనియర్ దగ్గర ఏడాది పనిచేసింది, 2025 సెప్టెంబర్‌లో ఎల్ఎల్ఎంకి, అంటే లా పీజీకి, ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లింది, వెళ్లిన నాలుగు నెలల్లో 60 లా ఫర్మ్‌లకి ట్రైనీ సొలిసిటర్ పోస్టుకి (సొలిసిటర్ అంటే అక్కడి ఒక రకం లాయర్) అప్లై చేసింది, ఒక్కటీ రాలేదు, రోజూ ఫోన్లో ఏడుపు. ఇప్పుడు వెనక్కి వచ్చెయ్యమనాలా, లేకపోతే 6 లక్షలు కడితే ట్రైనింగ్ కాంట్రాక్ట్ గ్యారంటీ అంటున్న కన్సల్టెన్సీ వాడికి కట్టెయ్యాలా అని అడిగారు. రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదివి అమ్మాయికి ఫార్వర్డ్ చెయ్యండి.

ముందు మీకు ఒక విషయం అర్థమవ్వాలి. ఇంగ్లండ్‌లో ట్రైనింగ్ కాంట్రాక్ట్ అంటే కోర్సు కాదు, సీటు కొనుక్కునేది కాదు, అది ఉద్యోగం. రెండేళ్లు ఫర్మ్ జీతమిచ్చి పని నేర్పిస్తది, ఆ తర్వాత సొలిసిటర్‌గా తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. పెద్ద ఫర్మ్‌లు ఈ ఉద్యోగాలకి రెండేళ్ల ముందే మనుషుల్ని తీసేసుకుంటాయి. అంటే 2026లో అప్లై చేస్తే చాలాచోట్ల చేరేది 2028లో. అక్కడి లా పిల్లలు డిగ్రీ రెండో ఏడులోనే వెకేషన్ స్కీములకి అప్లై చేస్తారు, అంటే సెలవుల్లో రెండు మూడు వారాలు ఫర్మ్‌లో కూర్చుని పని చూడటం, చాలా ఫర్మ్‌లు ట్రైనీలని అక్కడ్నుంచే ఏరుకుంటాయి. ఆ స్కీముల విండో సెప్టెంబర్, అక్టోబర్‌లో తెరిచి ఎక్కువగా డిసెంబర్, జనవరికల్లా మూసేస్తారు. మన పిల్లలు సెప్టెంబర్‌లో దిగి, రూము చూసుకుని, బ్యాంక్ అకౌంట్ తెరిచి, చలికి అలవాటు పడేసరికి సగం సీజన్ అయిపోయుంటది. అమ్మాయి తెలివి తక్కువై కాదు, బస్సు టైము తెలీక స్టాండుకి లేటుగా వచ్చింది అంతే.

ఇంకోటి, ఆ 60లో వీసా స్పాన్సర్ లైసెన్స్, అంటే బయటి దేశం వాళ్లని ఉద్యోగంలోకి తీసుకునే అనుమతి, ఉన్నవి ఎన్నో ఒకసారి చూసుకోమనండి. బ్రిటన్ ప్రభుత్వం ఆ లిస్టు ఓపెన్‌గానే పెడుతుంది, ఫర్మ్ పేరు కొట్టి చూసుకోవచ్చు. ఊళ్లలో ఇళ్ల రిజిస్ట్రేషన్లు, విడాకులు, వీలునామాలు చూసే చిన్న ఫర్మ్‌లు చాలావాటికి లైసెన్స్ ఉండదు, ఉన్నా వాళ్లు ట్రైనీకి ఇచ్చే జీతం వీసాకి సరిపోదు. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి, అంటే ఆ స్పాన్సర్ ద్వారా వచ్చే ఉద్యోగ వీసాకి, కనీస జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు చేశారు, కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లకి 33,400, దానితోపాటు ఆ ఉద్యోగానికి గవర్నమెంట్ కట్టిన రేటు కూడా చూస్తారు. ఫారంలో 'స్పాన్సర్‌షిప్ కావాలా' అన్నచోట అవును అని పెట్టగానే కొన్ని ఫర్మ్‌లు మిగతాది చదవను కూడా చదవవు. ఇది ఎవరూ మొహం మీద చెప్పరు, అమ్మాయేమో ఇంటర్వ్యూ కూడా రాలేదు, నాకేం రాదు అనుకుని కుమిలిపోతుంటది.

ఇక అసలు విషయం. సొలిసిటర్ అవ్వాలంటే ట్రైనింగ్ కాంట్రాక్ట్ ఒక్కటే దారి అని మీ ఇద్దరూ అనుకుంటున్నారు. ఒకప్పుడు దాదాపు అంతే. 2021 సెప్టెంబర్ నుంచి మారింది. ఇప్పుడు ఎస్‌క్యూఈ అని సొలిసిటర్ అర్హతకి రెండు పరీక్షలు, ఒక డిగ్రీ, రెండేళ్ల పని అనుభవం ఉంటే చాలు, ఆ అనుభవం నాలుగు చోట్ల వరకు ముక్కలు ముక్కలుగా చేసుకున్నా పర్లేదు, పారాలీగల్‌గా, అంటే లాయర్‌కి సాయం చేసే ఉద్యోగిగా, చేసినా లెక్కే, కాకపోతే అక్కడి సొలిసిటర్ సంతకం పెట్టి ధృవీకరించాలి. గుంటూరులో చేసిన ఏడాది అందుకే ఈ లెక్కలోకి రాదు.

కానీ మీ అమ్మాయికి ఇంకా దగ్గరి దారి ఉంది మాస్టారూ, దాన్నే ఆవిడ సగంలో వదిలేసి విమానం ఎక్కింది. మన దేశంలో పూర్తి స్థాయి అడ్వొకేట్ అయితే అక్కడ 'క్వాలిఫైడ్ లాయర్' కింద వెళ్లొచ్చు, వాళ్లకి ఆ రెండేళ్ల అనుభవం అడగరు, ఎస్‌క్యూఈ పాసై మిగతా ఫార్మాలిటీస్ తేలితే చాలు. అమ్మాయి ఏపీ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయింది గానీ వీసా హడావిడిలో ఏఐబీఈ, అంటే లాయర్లకి పెట్టే ఆలిండియా బార్ పరీక్ష, రాయలేదని మీరే రాశారు. అది రాసి పాసై సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ తెచ్చుకుంటేనే ఆ ఎన్‌రోల్‌మెంట్‌కి బలం. 100 ప్రశ్నలు, అన్నీ ఆబ్జెక్టివ్, నోట్స్ లేని బేర్ యాక్టులు (ఉత్త చట్టం పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు, జనరల్, ఓబీసీ వాళ్లకి 45 శాతం వస్తే పాస్. ఏడాది కోర్టులో తిరిగిన పిల్లకి ఇదొక లెక్క కాదు. నోటిఫికేషన్ రాగానే ఫారం నింపి, పరీక్షకి ఒక్కసారి ఇండియా వచ్చి వెళ్లమనండి. (వాళ్లమ్మగారు కూడా చూసినట్టు ఉంటది, ఆ టికెట్ దండగ కాదు.)

ఎస్‌క్యూఈ తేలికని మాత్రం చెప్పను. మొదటి పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోదాంట్లో 180, మొత్తం 360 ప్రశ్నలు, ఐదు ఆప్షన్లలో అన్నీ కరెక్టులాగే కనిపిస్తాయి. 2025 జులైలో రాసినవాళ్లలో 41 శాతమే పాసయ్యారు. మన కాంట్రాక్ట్ యాక్టు, టార్ట్స్ (ఇతరులకి చేసిన నష్టానికి పరిహారం గురించిన చట్టం) ఇంగ్లిష్ చట్టంలోంచే వచ్చాయి కాబట్టి అక్కడ పట్టు దొరుకుతుంది, అక్కడి భూమి చట్టం, ట్రస్టులు, ట్యాక్సు మాత్రం మొదట్నుంచి మొదలుపెట్టాల్సిందే. రెండో పరీక్షలో 16 టాస్కులు, 12 రాతలో, 4 నోటితో, క్లయింట్‌తో మాట్లాడటం, కోర్టులో వాదించడం లాంటివి. నోటి పరీక్ష అక్కడే రాయాలి. ఒక్కో పరీక్షకి మూడే ఛాన్సులు, ఆరేళ్లలోపు. ఎల్ఎల్ఎం డిసర్టేషన్ మెడ మీద పెట్టుకుని దీనికి కూర్చోవద్దు, అది అవ్వనివ్వండి.

వీసా తేదీ ఒకటి గోడ మీద రాసిపెట్టుకోండి, 2026 డిసెంబర్ 31. ఆ లోపు గ్రాడ్యుయేట్ వీసాకి, అంటే చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకునే వీసాకి, అప్లై చేస్తే రెండేళ్లు ఇస్తారు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసినవాళ్లకి 18 నెలలే. రిజల్ట్ రాగానే, ఒక్క వారం కూడా ఆపకుండా పెట్టెయ్యమనండి. ఆ రెండేళ్లు స్పాన్సర్ అక్కర్లేకుండా ఎక్కడైనా పారాలీగల్‌గా చేరొచ్చు, అప్పుడు ఆ చిన్న ఫర్మ్‌లు కూడా తలుపు తీస్తాయి. ఆ జీతంతో ఎస్‌క్యూఈ రాసుకుంటూ, ఇంకోపక్క 2028లో మొదలయ్యే ట్రైనింగ్ కాంట్రాక్టులకి ఈసారి టైముకి అప్లై చెయ్యొచ్చు. కొత్తవాళ్లకి పెట్టిన ఆ 33,400 తక్కువ లిమిట్ మొత్తం నాలుగేళ్లే వర్తిస్తుంది, అందులో గ్రాడ్యుయేట్ వీసా కాలం కూడా కలుపుతారు, కాబట్టి మిగిలేది సరిగ్గా రెండేళ్లు, ట్రైనింగ్ కాంట్రాక్ట్ పొడుగు కూడా అంతే. పారాలీగల్ అని నామోషీ పడొద్దు, మా దగ్గరికొచ్చిన పిల్లల్లో కొందరికి ఆ ఫర్మే తర్వాత ట్రైనీ పోస్టు ఇచ్చింది.

ఇప్పుడు అప్లికేషన్ల సంగతి. 60 కాదు, 10 చాలు. మీరు పంపిన శాంపిల్ చూశా, 'మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేయడం నా కల' అని ఉంది, ఫర్మ్ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా అతికిపోద్ది. అసలు సరుకు దాచేసుకుంది ఆవిడ. గుంటూరులో మిర్చి వ్యాపారుల చెక్ బౌన్స్ కేసులు చూసిందన్నారు కదా, అది రాయలేదు, ఒక్క లైనులో 'సీనియర్‌కి అసిస్ట్ చేశాను' అని ఊరుకుంది. 138 కేసులో, అంటే చెక్ బౌన్స్ కేసులో, బ్యాంక్ నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి, అవతలివాడికి 15 రోజులు ఇవ్వాలి, ఆ తర్వాత నెలలోపు కంప్లైంట్ వెయ్యాలి, ఒక్క రోజు జారినా క్లయింట్‌కి ముప్పే. ఇలాంటి ఫైళ్లు ఎన్ని తను స్వయంగా చూసింది, తేదీలు ఎట్లా ట్రాక్ చేసింది, కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి ధర కోసం చూసే వ్యాపారికి డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది, ఇవి రాస్తే చాలు. 'కమర్షియల్ అవేర్‌నెస్' అని వాళ్లు పదేపదే అడిగేది ఇదే, లండన్ పేపర్లు బట్టీ పట్టడం కాదు, వ్యాపారం చేసేవాడి భయం నీకు తెలుసా అని. మిర్చి యార్డు పక్కన పెరిగిన పిల్లకి తెలీదా!

అప్లికేషన్ దాటితే చాలాచోట్ల వాట్సన్ గ్లేజర్ అని తర్కం చూసే టెస్టు పెడతారు. మన పిల్లలు ఎక్కువగా 'ఇన్ఫరెన్స్', అంటే ఇచ్చిన పేరా నుంచి ఏం తేలుతుందో చెప్పే ప్రశ్నల, దగ్గర పడిపోతారు, ఎందుకంటే పేరాలో లేనిది కూడా బయటి జ్ఞానంతో కలిపేస్తారు. మీ లెక్కల క్లాసులో 'ఇచ్చిన దత్తాంశం నుంచి మాత్రమే' అని చెప్తారు కదా, సరిగ్గా అదే, వారానికి ఒకసారి వీడియో కాల్‌లో మీరే ప్రాక్టీస్ చేయించొచ్చు. ఆ తర్వాత అసెస్‌మెంట్ సెంటర్, గ్రూప్ పని, రాత పని, పార్ట్‌నర్‌తో ఇంటర్వ్యూ.

చేరాక ఎట్లా ఉంటుందో కూడా కొంచెం చెప్తా, ఎందుకంటే అక్కడ తడబడేవాళ్లు ఉన్నారు. రెండేళ్లని మామూలుగా ఆరు నెలల చొప్పున నాలుగు 'సీట్లు' చేస్తారు, ఒకటి కంపెనీల వ్యవహారాలు, ఒకటి లిటిగేషన్, ఒకటి ప్రాపర్టీ ఇలా. ప్రతి ఆరు నిమిషాలకి ఏం చేశావో రాయాలి, నిజంగానే, గంటని పది ముక్కలు చేసి బిల్లు వేస్తారు. పని మొదట్లో చిన్నగా ఉంటది, కాగితాలు పేర్చడం, తప్పులు దిద్దడం, మీటింగ్ నోట్స్. కానీ చిన్న పనిలోనే ప్రాణం ఉంటుంది, కంపెనీ ఆస్తి తనఖా పెడితే 21 రోజుల్లో కంపెనీస్ హౌస్‌లో (అక్కడి కంపెనీల రిజిస్ట్రీ) రిజిస్టర్ చెయ్యాలి, ఆ ఫారం నింపేది చాలాసార్లు ట్రైనీయే, మర్చిపోతే బ్యాంక్ హక్కుకే ఎసరు. అందుకే ఆ గుంటూరు తేదీల డైరీ అలవాటు పోగొట్టుకోవద్దని చెప్పండి. పార్ట్‌నర్‌ని అక్కడ పేరు పెట్టి పిలుస్తారు, మన పిల్లలు సార్ సార్ అంటూ లేచి నిలబడతారు, అది పోవడానికి ఒక నెల పడుతుంది, తప్పేం లేదు. అసలు తప్పు ఏంటంటే, అర్థం కాకపోయినా తలూపి వచ్చెయ్యడం. పని చెప్పినప్పుడే ఎప్పటికి కావాలి, ఎంత పొడుగు ఉండాలి, ఎంతసేపు పెట్టొచ్చు అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకుని కదలమనండి.

ఇక ఆ కన్సల్టెన్సీ. నిజమైన ఫర్మ్ ఏదీ ట్రైనింగ్ కాంట్రాక్ట్‌కి డబ్బు తీసుకోదు, పెద్ద ఫర్మ్‌లైతే చేరబోయేవాళ్లకి ఎస్‌క్యూఈ ఫీజు తామే కట్టి పైగా ఖర్చులకి ఇస్తాయి. వాడు ఫర్మ్ పేరు చెప్పట్లేదు, ఆఫర్ లెటర్ డబ్బు కట్టాకే అంటున్నాడు, ఇంకేం కావాలి మాస్టారూ. ఎస్‌క్యూఈ రెండు పరీక్షల ఫీజు కలిపి 4,900 పౌండ్ల చిల్లర, మన డబ్బుల్లో దాదాపు వాడడిగే ఆ 6 లక్షలే. అవి బ్యాంకులోనే ఉంచండి, అమ్మాయి ఏఐబీఈ పాసయ్యాక మొదటి పరీక్ష ఫీజు అందులోంచి కడదాం.