సరుకు ఓడలను కాపాడే క్రూయిజర్‌ను ఎలా డిజైన్ చేసేవారు?

"పెద్ద యుద్ధనౌకలుండగా క్రూయిజర్లెందుకు?" అని అడిగారు. క్రూయిజర్ అంటే వాటికంటే చిన్నది, దూరాలు తిరగగలిగే యుద్ధనౌక. గుంటూరు మిర్చి యార్డు నుంచి వెళ్లే ప్రతి లారీ వెంటా పోలీసు జీపు పంపగలమా? సముద్రం మీదా అదే చిక్కు. దారులు బోలెడు, కాబట్టి కాపలా ఓడలు ఎక్కువ కావాలి, అంటే ఒక్కోటీ చవగ్గా ఉండాలి. అందుకే 1920లలో బ్రిటన్ 70 క్రూయిజర్లు కావాలని పట్టుబట్టింది. దేశాల నౌకాదళాలకు హద్దులు పెట్టిన 1930 లండన్ ఒప్పందంలో 50కి దిగింది.

చవకైనా, సరుకు ఓడల మీద పడే శత్రువు దాడి నౌకను పట్టుకుని కొట్టగలగాలి. మన తీరం ఎరిగిన ఉదాహరణే ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసులో చమురు ట్యాంకులను తగలబెట్టిన జర్మన్ క్రూయిజర్ ఎండెన్. దానివి 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు. నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర ఎదురైన ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీవి 15 సెంటీమీటర్లవి, వేగమూ ఎక్కువే. మొదట గురి తగిలించింది ఎండెనే! అయినా సిడ్నీ దూరం పాటిస్తూ బరువైన గుళ్లతో దాన్ని చిత్తు చేసింది.

నా దృష్టిలో అసలు తలనొప్పి ఇంధనం. తర్వాత వచ్చిన బ్రిటిష్ హాకిన్స్ తరగతి క్రూయిజర్లలో చమురుతో పాటు బొగ్గు బాయిలర్లూ పెట్టారు, ఎందుకంటే దూరపు రేవుల్లో బొగ్గే సులువుగా దొరికేది. కవచం మాత్రం పలచనే. బరువు పెరిగితే వేగం పోతుంది, ఖర్చూ పెరుగుతుంది.