పుస్తకాల సంఘానికి రెండో తాళంచెవి

సింగరాయకొండ నుంచి ఒకరు ఇట్లా అడిగారు: "మా ఊళ్ళో చదివే అలవాటున్న ఎనిమిది మందిమి కలిసి పుస్తకప్రియుల సంఘం పెట్టుకోవాలనుకుంటున్నాం. ముందు రిజిస్ట్రేషన్ చేయించాలా? గది ఎక్కడ దొరుకుతుంది? మొదట్లో ఉన్న ఉత్సాహం ఆరు నెలలకే చల్లారకుండా, పనిచేసేవాళ్ళని నిలబెట్టుకోవడం ఎట్లా?"

మాది కావలి. ఎరువుల కొట్టు నడుపుకుంటూ పదకొండేళ్ళుగా మా ఊరి పుస్తకాల సంఘంలో పనిచేస్తున్నాను. మీ మూడు ప్రశ్నల్లో చివరిదే అసలైంది. దానితోనే మొదలుపెడతాను.

మా సంఘాన్ని మొదలుపెట్టింది రిటైరైన ఒక తెలుగు మాస్టారు. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక స్టేషనరీ కొట్టు మేడమీద చిన్న గది ఇప్పించారు. అద్దె లేదు, కరెంటు బిల్లు మాత్రం మేం కట్టుకోవాలి. రెండు ఇనప బీరువాలు, ఒక చెక్క అలమర, నాలుగు చాపలు. నెలకో ఆదివారం కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకునేవాళ్ళం. గది తీసేది మాస్టారే, ఊడ్చేది ఆయనే, వక్తల్ని పిలిచేది ఆయనే, పుస్తకాలిచ్చి రాసుకునేదీ చందా అడిగేదీ ఆయనే. టీలు కూడా తన డబ్బుతోనే తెప్పించేవారు. మేం పోయి కూర్చుని, మాట్లాడి, వచ్చేసేవాళ్ళం. ఆయన చేస్తున్నారు కదా, ఇష్టంగానే చేస్తున్నారు కదా అనుకున్నాం.

మూడో ఏడు వేసవిలో ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. చెన్నైలో కొడుకు దగ్గర ఉండిపోయారు. తాళంచెవి ఆయన సంచీలోనే పోయింది. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఫోన్ చేసి బీరువా తాళాలు అడగడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. నాలుగు నెలలు గది మూతపడింది. చివరికి ఆయనే గుర్తుపెట్టుకుని కొడుకు చేత పంపించారు. తలుపు తీసి చూస్తే చెక్క అలమర కింది అరంతా చెదలు. గోడకి ఆనించి పెట్టాం, కింద ఇటుకలైనా పెట్టలేదు. అరవై పైచిలుకు పుస్తకాలు మట్టి ముద్దల్లాగా చేతికొచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పుడెక్కడా అచ్చులో లేవు. పోనీ బయట ఉన్న పుస్తకాలైనా తెచ్చుకుందామని రిజిస్టరు తీస్తే, తీసుకున్నవాళ్ళ పేర్లు ఆయనకి మాత్రమే అర్థమయ్యే పొడి అక్షరాల్లో ఉన్నాయి. కొన్ని ఆయన ఫోన్లో చెప్పగలిగారు. కొన్ని ఆయనకీ గుర్తురాలేదు.

ఆ సాయంత్రం మేం ముగ్గురం చెదలు దులుపుతూ పెద్దగా మాట్లాడుకోలేదు. తప్పు మాస్టారిది కాదు, మాది. అంత బరువు ఒక్క మనిషి మీద వేసి, దాన్ని ఆయన మీద గౌరవం అనుకున్నాం.

అందుకని మీకు నేను చెప్పే మొదటి మాట: పుస్తకాలు కొనకముందే తాళంచెవులు రెండు చేయించండి. రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. రిజిస్టరులో పేరు పూర్తిగా రాయండి, పక్కనే ఫోన్ నంబరు రాయండి, నెల నెలా ఆ పేజీని ఫోటో తీసి ఇంకొకరి దగ్గర ఉంచండి. ఏ పనైనా ఇద్దరికి తెలిసి ఉండాలి. మేమిప్పుడు సంఘం పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకున్నాం. గది తీసి చాపలు వేయడం ఒకటి, రిజిస్టరు ఒకటి, శనివారం ఫోన్లు చేయడం ఒకటి, లెక్క ఒకటి. ఒక్కో పనికి ఇద్దరు. మూడు నెలలకొకసారి పనులు మారతాయి. లెక్క చూసేవాళ్ళు ప్రతి సమావేశం మొదట్లో ఆ నెల జమాఖర్చు పైకి చదువుతారు. రెండు నిమిషాలు పడుతుంది. మాకు నెలకి 30 రూపాయల చందానే, అయినా చదువుతాం.

పనిచేసేవాళ్ళు ఎవరవుతారన్నది ముందే ఊహించలేం. బాగా చదువుకున్నవాళ్ళు, బాగా మాట్లాడేవాళ్ళే ముందుకొస్తారని నేననుకున్నాను. మా దగ్గర అందరికంటే ఎక్కువ పనిచేసేది జాకెట్లు కుట్టే ఒకావిడ. మేమంతా అక్కా అంటాం. పదో తరగతి వరకు చదివింది. కూతురికి బొమ్మల పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చి, నాలుగైదు నెలలు గుమ్మం దగ్గరే నిలబడి పోయేది. చెదల సంగతి తెలిసినరోజు మాత్రం లోపలికొచ్చి, చీపురు తీసుకుని, "మీరు పక్కకి జరగండన్నా, ఇట్టా కాదు దులిపేది" అంది. ఆ తర్వాత ఇటుకలు పెట్టించింది, అలమరని గోడకి జానెడు దూరం జరిపించింది, నెలకొకసారి ప్రతి అర ఖాళీ చేసి తుడవాలని పట్టుబట్టింది. ఇప్పుడు రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

పుస్తకాలు తిరిగి రాబట్టడంలో ఆమె పద్ధతి చూసి నేను చాలా నేర్చుకున్నాను. అంతకుముందు మేం ఆలస్యానికి జరిమానా పెట్టాం. దాంతో ఏమైందంటే, పది రూపాయలు కట్టాల్సి వస్తుందని కాదు గానీ మొహం చెల్లక మనిషి రావడమే మానేసేవాడు. పుస్తకమూ పోయింది, మనిషీ పోయాడు. అక్క జరిమానా తీసేయించింది. మిషను తొక్కుతూనే ఫోన్ చేసి, "ఇయ్యలేదని కాదన్నా, ఆ పుస్తకం ఇంకొకరు అడగతా ఉండారు. చదవడం అయిపోయిందా? కాలేదా? సరే, పైనెల్లో తెండి" అంటుంది. అంతే. నూటికి తొంభై పుస్తకాలు వెనక్కొస్తున్నాయి.

శనివారం ఫోన్లు కూడా ఆమె చెప్పిన ఉపాయమే. వాట్సాప్ గ్రూపులో పెట్టిన కబురు అందరూ చూస్తారు, బొటనవేలు బొమ్మ కూడా పెడతారు, రారు. అదే ఒక మనిషి ఫోన్ చేసి "రేపు నాలుక్కి వస్తుండారు కదా" అంటే వస్తారు. ఒకరు పదిమందికి చేస్తే చాలు, అరగంట పని.

సమయం సంగతి కూడా చెప్పాలి. మొదట్లో ఆదివారం పొద్దున పదింటికి పెట్టేవాళ్ళం. ఆదివారం పొద్దున పదింటికి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కడుంటారో మగవాళ్ళం ఒక్కరమూ ఆలోచించలేదు. సాయంత్రం నాలుక్కి మార్చాక, వచ్చేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే అయ్యారు.

చర్చకి పెట్టిన పుస్తకం అందరికీ దొరకదు, దొరికినా అందరూ చదివి రారు. చదవనివాళ్ళు సిగ్గుపడి మానేస్తారు. దీనికి మేం కనుక్కున్న మార్గం పైకి చదవడం. నెల విడిచి నెల ఒక కథ తీసుకుని అక్కడే చదువుతాం, ఆ తర్వాతే మాటలు. మన యాసలో రాసిన కథని మన యాస మనిషి చదువుతుంటే వినడం ఎంత బాగుంటుందో మీరూ చూడండి. మంచినీళ్ళ క్యాన్లు వేసే ఒక కుర్రాడు మాకు కథలు చదివి వినిపిస్తాడు. ఆ గొంతు కోసమే వచ్చే పెద్దవాళ్ళున్నారు.

ఇక గది. ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయానికి పోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మీరు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అంటే ఆ గది మీ డబ్బుతో నడిచేదే. కానీ పోయి హక్కుగా అడగొద్దు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకి వ్యాసరచన, వక్తృత్వం పోటీలు పెట్టాలి, బహుమతులివ్వాలి, జనం రావాలి. చాలాచోట్ల అక్కడుండేది ఒక్క లైబ్రేరియనే. ఆ వారం మీ ఎనిమిది మందీ పోయి బెంచీలు సర్దండి, పిల్లల పేర్లు రాయండి, పేపర్లు దిద్దండి. తర్వాత నెలకో సాయంత్రం కూర్చుంటామని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరిట అర్జీ రాసి, ఆ లైబ్రేరియన్ చేతికే ఇవ్వండి. మా గదికి మరమ్మతులు జరిగిన ఏడాదంతా మేం అట్లాగే కూర్చున్నాం.

రిజిస్ట్రేషన్‌కి తొందరేం లేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, మీకు ఎనిమిది మంది ఉన్నారు. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో పని. సంఘం పేరుమీద బ్యాంకు ఖాతా కావాల్సి వచ్చినప్పుడో, ఎవరైనా పెద్ద మొత్తం ఇస్తామన్నప్పుడో చేయించుకోండి. మేం నాలుగో ఏడు చేయించాం. ఏటేటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. ఆ పని కూడా ఇద్దరికి అప్పజెప్పండి.

రిజిస్ట్రేషన్‌తో పాటే పదవులొస్తాయి, పదవులతో ఫ్లెక్సీలొస్తాయి. మొదటి వార్షికోత్సవం ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దదిగా ఉండాలన్న దగ్గర మాట మాట పెరిగి, ఒక మంచి చదువరి మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పట్నుంచి మా గుడ్డ బ్యానరు మీద ఎవరి పేరూ లేదు, ఫోటో లేదు. పుస్తకం పేరు, తేదీ రాసిన కాగితం అంటిస్తాం.

పుస్తకాలు కొనడం గురించి ఒక పనికొచ్చే కబురు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆపేసినప్పుడు మాలాంటి చిన్న సంఘాలకి ఇబ్బందైంది. కట్ట చిన్నదైనా పార్సిల్ ఖర్చు పుస్తకం ధరకి దగ్గరయ్యేది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. పంపేవాళ్ళని జ్ఞాన్ పోస్టులో వేయమని మీరే నోరు తెరిచి అడగండి, చాలామందికి అలవాటు కాలేదు.

పుస్తకాలిస్తామని వచ్చేవాళ్ళుంటారు. మొదట్లో వద్దనలేక అన్నీ తెచ్చుకున్నాం. పాత గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్, సగం చిరిగిన వారపత్రికలతో గది నిండిపోయి మనిషి కూర్చోడానికి చోటు లేకపోయింది. ఇప్పుడు ముందు ఇద్దరం వాళ్ళింటికి పోయి చూసి, మాకు పనికొచ్చేవే తెచ్చుకుంటాం.

ఒకసారి జలదంకి వైపు ఒక పల్లెకి పోయాం. ఇంటాయన చనిపోయి ఏడాదైంది, ఆయన భార్య కబురు పెట్టింది. రెండు గోతాల పుస్తకాలు వసారాలో తీసి పెట్టింది. గంటలో ఏరుకుని వచ్చేద్దామనుకున్నాం. ఆమె ఒక్కో పుస్తకం చేతికిస్తూ, ఇది నెల్లూరులో ఫలానా పెళ్ళికి పోయినప్పుడు కొన్నాడు, ఇది కొన్నరోజు ఇంట్లో బియ్యం లేవు, దీనికోసం మా ఇద్దరికీ మాటల్లేవు అని చెప్పుకొచ్చింది. ఆమెకి చదవడం రాదు. అట్టలు చూసి అన్నీ గుర్తుపట్టింది. మధ్యాహ్నం పోయినవాళ్ళం దీపాలు పెట్టేవేళ దాకా కూర్చున్నాం. ఆ కట్టలో మా సంఘం ముద్ర ఉన్న పుస్తకం ఒకటి దొరికింది, మాస్టారి పొడి అక్షరాల్లో తేలని వాటిలో ఒకటి. ఇచ్చేయమని ఆమె భర్త చివర్లో చెప్పాడటగానీ, ఎవరికివ్వాలో ఆమెకి తెలియలేదు. ఇట్లాంటి ఇంటికి పోయేటప్పుడు తీరిక చూసుకుని పోండి. ఏది తీసుకోకపోయినా, ఆమె చెప్పేది మాత్రం మొత్తం వినండి.

వీలైతే మొదటి ఏడాదిలోనే మీవాళ్ళందరినీ వేటపాలెం తీసుకుపోండి, మీకు దగ్గరే. చీరాలలో దిగి ఆటో ఎక్కొచ్చు. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టింది, ఊరి యువకులు పెట్టుకున్న సంఘంలోంచి వచ్చిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అది మొదలైనప్పుడు వేటపాలెం గుంటూరు జిల్లా, 1970లో మీ ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మేం పోయినప్పుడు పాత పత్రికల సంపుటాల ముందు మా క్యాన్ల కుర్రాడు చాలాసేపు నిలబడి, "ఇన్నేళ్ళు ఎవురన్నా దుమ్ము దులుపుతానే ఉండారు కదన్నా" అన్నాడు. తిరిగొచ్చాక రిజిస్టరు పని తనకివ్వమని అడిగాడు.

మీ మొదటి సమావేశం ఎప్పుడో ఇక్కడ రాయండి. మా దగ్గర రెండేసి ప్రతులున్న పుస్తకాలు ముప్ఫై దాకా ఉన్నాయి. జాబితా పెడతాను, కావాల్సినవి చెప్తే అక్క కట్ట కట్టి జ్ఞాన్ పోస్టులో పంపుతుంది.